తవ్విన చప్పుడు

ఆ ఉదయం, అడవిని కనిపెట్టుకుని ఉండే యంత్రబుద్ధి అడవికాపు పన్నెండు మంది సందర్శకులకే అనుమతి ఇచ్చింది. నిన్నటి వానకు నేల మెత్తబడింది. అంతకు మించి అడుగులు పడితే మొలకలు నలిగిపోతాయని దాని తీర్పు. చెట్ల వేళ్ళ మధ్య పాతిన నేలచెవులు ప్రతి అడుగునూ దానికి వినిపించేవి. కొండవాలులో కందీ జొన్నా ఎక్కడ కలిపి విత్తాలో కూడా అదే చెప్పేది. ఇరవై ఏళ్ళలో కొండల మీద అడవి మళ్ళీ చిక్కబడిందంటే దాని చలవే.

సందర్శకులకు దారి చూపడం చంద్రిక పని. వాగు దాటగానే అమ్మమ్మ పోలమ్మ కనిపించింది, దుంప కోసం గునపం దించుతూ. అడవికాపు మాట పలికించే అడుగుపట్టీ ఆమె కాలికి ఎర్రగా వెలిగింది.

"తవ్వకం వల్ల నష్టం జరుగుతోంది. నేటి నుంచి ఈ లోయలోకి మీకు ప్రవేశం లేదు" అంది పట్టీ, మర్యాదగా.

దుంప తవ్వాక తీగ తలను, అంటే తీగ అంటుకుని ఉన్న దుంప పైముక్కను, అదే గుంటలో పెట్టి మట్టి కప్పడం కొండరెడ్ల ఆచారం. మరుసటేటికి అక్కడే మళ్ళీ దుంప ఊరుతుంది. లోయంతా అలా తరతరాలుగా నిలిచినదే. కానీ నేలచెవులకు గునపం చప్పుడు వినిపించింది; మట్టి కప్పే చేతులు వినిపించలేదు.

పట్టీ కట్టుకోమని పోయినేడు అమ్మమ్మను బతిమాలింది చంద్రికే. దుంప తావులు అడవికాపుకు తెలిస్తే వాటి జోలికి ఎవరూ రారని నచ్చజెప్పింది. ఇప్పుడు ఆ తావుల పక్కనుంచే సందర్శకుల బాట వేశారు.

చంద్రిక తలవంచుకుని, తీగ తల పాతడం ఒక్కసారి అడవికాపుకు చూపిస్తే దారి తెరుస్తుందేమోనని గొణిగింది. పోలమ్మ గునపానికి అంటిన మట్టి తుడుచుకుంది.

"మీ అమ్మకి కూడా సూపించని తావులే నీకు సూపించాను. నువ్వెవరికి సూపించావో సూసుకో."

ఆమె మళ్ళీ లోయకు రాలేదు. తవ్వి తల పాతేవాళ్ళు లేక రెండేళ్ళకు తీగలు ముదిరి, ఒక్కొక్కటే ఎండసాగాయి. కారణం తెలియని అడవికాపు, పోలమ్మను అడిగి రమ్మని చంద్రికను పంపింది.

పోలమ్మ గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"తలెలా పాతేవాళ్ళమో గుర్తులేదమ్మీ. ముసలైపోయాను గదా."

చంద్రిక కాలి పట్టీ ఆ మాటను మతిమరుపుగా నమోదు చేసుకుంది. అమ్మమ్మ తనతో అబద్ధమాడడం చంద్రిక పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.