ఫ్రేములోంచి పోయిన దొరసాని

కొమురవెల్లి జాతరలో తప్పిపోయిన మేకను డిటెక్టివ్ బాలరాజు దాని దగ్గు విని పట్టుకున్నాడని సిద్దిపేటలో చెప్పుకుంటారు. అది మేక కాదు, పొట్టేలని కొందరంటారు. ఆయన్నే అడిగితే ఏనుగంటాడు.

ఆ పొద్దున ఆయన ఆఫీసుకు సింధుజ అనే అమ్మాయి ఏడుపు ఆపుకుంటూ వచ్చింది.

“మా బాపు వేసిన బొమ్మ పోయింది సార్. అది దొర్కకపోతే బాపు దక్కడు.”

ఆమె తండ్రి వీరయ్య పాతకాలపు సైన్‌బోర్డు ఆర్టిస్టు. రెండు నెలల కిందట పక్షవాతంతో మాట పడిపోయింది. మంచానికి ఎదురుగా ఆయన చేత్తో వేసిన బొమ్మ ఉండేది. నూరేళ్ల కిందట ఐరోపాలో ప్రతీకవాద చిత్రకారుడెవరో వేసిన, కలువల నడుమ స్త్రీ. దానికి నకలు. ఇంట్లో అందరూ దాన్ని దొరసాని అనేవారు. మొన్న మధ్యాహ్నం అది మాయమైనప్పటి నుంచి వీరయ్య మెతుకు ముట్టలేదు.

బాలరాజు, సహాయకురాలు రమ్య ఆ ఇంటికి వెళ్లారు. గోడకు ఖాళీ ఫ్రేము వేలాడుతోంది.

“టేకు ఫ్రేము ఇడిశి బొమ్మ ఏసిన గుడ్డ ఎత్తుకపోయిండు. పైసల దొంగ కాదు రమ్యా,” అన్నాడు బాలరాజు. “మొన్న ఈ గదిలకు ఎవరొచ్చిన్రు?”

సింధుజ సవతి తల్లి శైలజ చెప్పింది. “ముందట షాపు శైలేందర్. ఇంకా ఐలవ్వ, సింధుజ అమ్మమ్మ. బిడ్డ సచ్చిపోయిన నాడు అల్లునితోని పోట్లాడి పోయిన మనిషి, ఇరవై నాలుగేండ్లకు చూడొచ్చింది. గీడనే ఉన్నది.”

ఫ్లెక్సీలు వేసే శైలేందర్ నవ్వేశాడు. “నాకెందుకు సార్? ఫోన్ల ఫొటో కొడితే పది దొరసానులను తీస్త.”

“మరి కొట్టినవా?”

కొట్టాడు. బాలరాజు ఆ ఫోను పట్టుకుని వీరయ్య రంగుల పెట్టె తెరిపించాడు. అడుగున అసలు చిత్రం అచ్చయిన కాగితం దొరికింది. దాని మీద, బొమ్మను పెద్దది చేయడానికి ఆర్టిస్టులు కొట్టుకునే పెన్సిల్ గళ్లు ఉన్నాయి. కలువల మీద, జుట్టు మీద, భుజాల మీద. ముఖం మీద మాత్రం ఒక్క గీతా లేదు. కాగితంలో ఆమె కళ్లు మూసి ఉన్నాయి. ఫోనులో తెరిచి, ఎదుటివాళ్లను సూటిగా చూస్తున్నాయి. మెడ దగ్గర వంకర తిరిగిన నీలం గీత ఒకటి.

“నగ కావచ్చు సార్,” అంది రమ్య.

“సగం నగ ఎవరు పెట్టుకుంటరు?”

బాలరాజు అందరినీ వీరయ్య మంచం చుట్టూ కూర్చోబెట్టాడు.

“ఈ కాగితం చూసి వీరయ్య ముఖం వెయ్యలే. ఏరే ఫొటో చూసి వేసిండు. కండ్లు మూస్తే స్టూడియోవాళ్లు ఒప్పుకోని చిన్న ఫొటో. నీలం గీత బడి ముద్ర అంచు. పదో తరగతి హాల్ టికెట్ మీద సగం ఫొటోకు, సగం కాగితానికి గుద్దుతరు. ఈయన నకలు ఆర్టిస్టు, ఉన్నదున్నట్టు దించిండు. సింధుజా, మీ అమ్మ ఫొటో చూసినవా?”

“ఫొటోనే లేదు సార్. నాకు ఏడాది నిండినప్పుడే పోయిందట.”

“ఆ ముఖాన్ని సూడంగనే గుర్తుపట్టే మనిషే తీసింది. అవ్వా, అంతేనా?”

ఐలవ్వ చీర మూటలోంచి చుట్టిన గుడ్డ తీసింది.

“నా బిడ్డ మొఖం నా యాదిల నుంచి జారిపోతుంది కొడుకా. గోడ మీద జూసినంక ఇడిశిపెట్టబుద్ధి కాలే. పోట్లాడి పోయినదాన్ని, ఏమని అడుగుదు?”

“నాకెప్పుడో ఎరికె అవ్వా,” అంది శైలజ మెల్లగా. “నేనొచ్చినంక మొదటి భార్య ఫొటో గోడకు పెట్టుకోలేక గిట్ల దొరసాని ముఖంల దాసుకున్నడు. దుమ్ము తుడిసేది నేనే గద, ఆయన దాన్ని ఎట్ల చూస్తడో నా కండ్లబడదా?”

సింధుజ బొమ్మను తండ్రి ఎదుట పట్టుకుంది. వీరయ్య కళ్లు దాని మీద నిలిచాయి. శైలజ పెట్టిన ముద్దకు నోరు తెరిచాడు.

“చిన్నప్పుడు దీనికి నాలుక బయటపెట్టి ఎక్కిరిస్తుంటి,” అంది సింధుజ. “అమ్మమ్మా, నువ్వు పోకు, గీడనే ఉండు. అమ్మ నన్ను ఏమని పిలుస్తుండె?”

ఐలవ్వ ఆమె చెవిలో చెప్పింది.

“ఇంకోపారి,” అంది సింధుజ. “ఇంకోపారి పిలువు.”