పొంగింది మురికి కాదు

ఆ ఉదయం కోడలికి కాలు ఒకచోట నిలవటం లేదు. మోకాలి ఆపరేషన్ అయి అత్తగారు ఇవాళే ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తున్నారు. వెళ్లేటప్పుడు ఆవిడ, "ఇల్లు నీ చేతుల్లో పెట్టి పోతున్నానమ్మాయ్" అన్నారు. గిన్నె ఎటు బోర్లించాలో కూడా అత్తగారే చెప్పే ఇంట్లో అదేమన్నా చిన్న మాటా! ఇల్లు అద్దంలా కనిపించాలి, కోడలు సమర్థురాలే అని ఆవిడ మనసులో పడాలి. అంతకు మించి ఆ పిల్లకి ఇంకో కోరిక లేదు.

బాత్రూమ్‌లో యాసిడ్ పోసి రుద్దితే టైల్స్ తళతళలాడిపోయాయి. ఇంకేం, అదే ఊపులో సీసా పట్టుకుని హాల్లోకి వచ్చేసింది. ఆ హాల్లో పరిచిన పాలరాయి అత్తగారి ప్రాణం. దాని మీద తడికాలు పెట్టాలంటే మామగారికే హడలు. కోడలు గుమ్మానికి కాస్త ఇవతల యాసిడ్ పోసిందో లేదో, బుసబుసమని నురగ పొంగింది.

"మామయ్యా, రండి రండి! మురికి ఎలా పొంగుకొస్తోందో చూడండి!"

మామగారు పేపరు పక్కన పడేసి పరుగెత్తుకొచ్చారు. "భలే తల్లీ! ఇన్నాళ్లూ మీ అత్తయ్య ఉత్త నీళ్లతో తుడుస్తుంటే ఇదంతా లోపలే ఉండిపోయిందన్నమాట!"

ఇద్దరూ నురగను చూసి తెగ మురిసిపోయారు. కడిగి తుడిచాక చూస్తే మెరుపు లేదు సరికదా, ఉన్నది కూడా పోయింది. చాపంత మేర రాయి తెల్లగా మసకబారింది. చేత్తో తడిమితే గరగరలాడుతోంది. బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించినా మచ్చ కదల్లేదు.

"కొంప మునిగింది మామయ్యా," అంది కోడలు ఏడుపు గొంతుతో.

"నువ్వు కంగారుపడకు. పడగ్గదిలో రగ్గుంది, తెచ్చి కప్పేద్దాం. ఎప్పుడైనా బయటపడితే నేనే పోశానని చెప్తా. ఆవిడ తిట్లు నాకు కొత్తా ఏంటి?"

"అబద్ధం ఎందుకు మామయ్యా..."

"ఆపరేషన్ అయిన మనిషి, ఇప్పుడే చెబితే తట్టుకోలేదమ్మా!"

అదీ నిజమే అనిపించింది కోడలికి. రగ్గు పరిచారు. మామగారు పెరట్లోకి వెళ్లి, తల్లి దగ్గరే ఉన్న కొడుక్కి గుట్టుగా ఫోన్ చేసి సంగతంతా చెప్పేశారు.

అంతలోనే కారు ఆగింది. వాకర్ పట్టుకుని అత్తగారు, ఆవిడ వెనకే కొడుకు గుమ్మంలోకి వచ్చారు. ఇంటిని చూసి ఆవిడ కళ్లు వెలిగిపోయాయి. "అబ్బ! ఇల్లు ఎంత కళగా ఉందే అమ్మాయ్! ఈ రగ్గు కూడా ఎంత బాగుందో!" అంటూ సంబరంగా వాకర్ ముందుకు జరిపారు.

వాకర్ కాలు సరిగ్గా రగ్గు అంచు మీదికి వస్తోంది. అంచు జారితే మనిషి పడుతుంది.

"ఆగండత్తయ్యా! అడుగు వెయ్యకండి!" అని కోడలు గావుకేక పెట్టి, రగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగేసింది.

మచ్చంతా బయటపడింది.

"ఎవరు చేశారిది?" అత్తగారి గొంతు ఖంగుమంది.

"నేనే!" అన్నారు మామగారు.

"నేనేనమ్మా!" అన్నాడు కొడుకు అదే క్షణంలో.

అత్తగారు కొడుకు వంక తిరిగారు. "ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చున్నవాడివి, అక్కణ్నుంచి పోశావురా?"

తండ్రీకొడుకులు తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. కోడలు ముందుకొచ్చింది. "నేనే పోశానత్తయ్యా. టైలూ రాయీ ఒకటే అనుకున్నాను. పొంగుతుంటే మురికి అనుకున్నాను."

"పొంగింది మురికి కాదే పిచ్చిపిల్లా, రాయే! టైలు మీద గాజులాంటి పూత ఉంటుంది, దానికేం కాదు. పాలరాయికి పులుపు తగిలితే చాలు, కరిగిపోతుంది. నిమ్మకాయ ముక్క కూడా పడనివ్వకూడదు." అని ఆవిడ మొగుడి వైపు చూశారు. "మరి ఈ రగ్గెందుకు? పడి ఉంటే ఆపరేషన్ చేసిన కాలు విరిగేది కదండీ!"

మామగారు తల దించుకున్నారు. "నీకు తెలిస్తే ఊరుకోవనీ..."

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "నేను పడిపోయినా ఫర్వాలేదు గానీ నాకు తెలియకూడదా? నేను అంత గయ్యాళినా?"

ఎవరూ కాదనలేదు. అది ఆవిడకి మచ్చ కన్నా ఎక్కువగా తగిలింది. కోడలు వెళ్లి ఆవిడ పాదాల దగ్గర కూర్చుని భోరుమంది. "మీరు నమ్మి ఇల్లు అప్పగించారు. నేను ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోలేదత్తయ్యా."

"ఊరుకో, ఊరుకో. రాయేగా, పాలిష్ పెడితే వస్తుంది. అలమర కింది అరలో పొడి ఉంది, తీసుకురా."

పొడి చల్లి, తడిగుడ్డతో కోడలు గుండ్రంగా రుద్దసాగింది. "గట్టిగా! ఇంకా! నీళ్లు చిలకరించు!" అని అత్తగారు కుర్చీలోంచే హుషారుగా పురమాయించారు. అరచేతి మేర తుడిచి చూస్తే కిటికీ వెలుతురు రాయిలో మెరిసింది. "వచ్చింది! వచ్చేసింది!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు.

ఆ సంతోషంలో మామగారికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "ఏమోయ్, నాకు తెలియకూడదా అని ఎలాగూ అడిగావు కాబట్టి చెప్పేస్తున్నా. నీ పింగాణీ పూలకుండీ పగలగొట్టింది పక్కింటి పిల్లి కాదు."

"సోఫా చింపింది కూడా పిల్లి కాదమ్మా," అన్నాడు కొడుకు మెల్లిగా.

"అయ్యో నా రాతా! పాపం, చీపురు పుచ్చుకుని దాన్ని వీధి చివరిదాకా తరిమానే!" అత్తగారు పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ చివరికి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. కోడలి చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని మొగుడి మీదికి విసిరారు.

"ఇన్నేళ్లలో ఈ ఇంట్లో నా ఎదురుగా నిలబడి నిజం చెప్పింది నువ్వొక్కదానివే. రా, ఇలా నా పక్కన కూర్చో. మిగతాది వాళ్లిద్దరూ రుద్దుతారు."