నాలుగు తెరలు, ఒక్క ప్రాసెసర్

ఇనుప గేటు పట్టుకుని గుంజుతోంది మార్తమ్మ.

రాదు. తాళం పడింది. తాళంచెవి కిషన్ రావు జేబులో ఉంది.

వెనక, మెట్ల కింద, వాచ్‌మన్ మొగిలయ్య పడి ఉన్నాడు. ఇక లేవడు. పత్తి గోదాముకు నిప్పు పెట్టింది మేనేజర్ కిషన్ రావేనని పోలీసులకు చెప్తానన్నాడు, పాపం. మేనేజర్ అంతదాకా రానివ్వలేదు. పిస్తోలు పేలడం మార్తమ్మ కళ్లారా చూసింది. ఆమె చూడటం అతనూ చూశాడు.

ఠప్!

లైట్లన్నీ ఆరిపోయాయి. కిషన్ రావు మెయిన్ స్విచ్ తీసేశాడు.

"మార్తమ్మా..." పైఅంతస్తు నుంచి తీరిగ్గా ఒక గొంతు. "ఇంజనీరమ్మవు గదా. జర ఆలోచన చెయ్యి. యాడికి పోతవ్?"

ఆమె హాల్లోకి పరుగెత్తింది. ఫోన్ ఎత్తింది. చప్పుడు లేదు.

కానీ కంప్యూటర్ తెర వెలుగుతోంది! మెషిన్ బ్యాటరీల మీద నడుస్తోంది.

సుబేదారిలోని ఈ బిల్డింగులో తెరలు మూడు. హాల్లో ఇది. పైన మేనేజర్ గదిలో ఒకటి. మెషిన్ రూంలో ఒకటి. నాలుగోది మట్టెవాడ బ్రాంచిలో, వేరే తీగ చివర. దాని ముందు కూర్చునేది ఆమె తమ్ముడు యోసేపు.

కొట్టింది. 'మొగిలయ్యను కిషన్ రావు చంపిండు. నన్ను లోపట ఏసి తాళమేసిండు. జల్ది రా.'

అక్షరాలు కుంటుతూ కుంటుతూ తెరకెక్కాయి. ఏడుపొచ్చింది ఆమెకు.

మీట నొక్కాక గుర్తొచ్చింది. లాగిన్ అందరికీ ఒకటే, ఎవరు కొట్టారో తెర చెప్పదు. ఆ ముక్క నాలుగు తెరల మీదా పడుతుంది.

పైన కుర్చీ జరిగిన చప్పుడు...

అంతలో జవాబు.

'ఉన్నకాడ్నె ఉండు అక్కా. వస్తాన. ఏ రూంల ఉన్నవ్?'

హమ్మయ్య! 'హాల్ల' అని కొట్టబోయింది. మొదటి అక్షరం వేలి కిందే టక్కున పడింది.

ఆగిపోయింది.

ఇంత ఫాస్టుగానా?

వచ్చినవాళ్లకల్లా మాకు నాలుగు కంప్యూటర్లని చెప్పుకుంటాడు కిషన్ రావు. ఉన్నది ఒక్క ప్రాసెసర్. హోటల్లో ఒక్క మనిషే నాలుగు టేబుళ్లకు వడ్డించినట్టు, అదే నాలుగు తెరల చుట్టూ తిరుగుతుంది. ఒక టేబుల్ ఎక్కువ అడిగితే మిగతావి ఆకలితో కూర్చోవాలి. ఈ వేళకు రోజూ యోసేపు పెద్ద జాబ్ పెడతాడు, స్టాకు లెక్కలది. అది నడుస్తుంటే ఏ తెరా కదలదు.

ఇప్పుడు పరుగెడుతోంది. అంటే ఆ జాబ్ లేదు. యోసేపు సీట్లో లేడు.

మరి ఈ జవాబు... పై గదిలోంచి!

అయినా వేళ్లు ఆగలేదు.

'మెషిన్ రూంల ఉన్న.'

చెప్పులు విడిచి పరుగెత్తింది. మెషిన్ రూం ఇనుప తలుపు బార్లా తెరిచి, దాని వెనక గోడకు అతుక్కుంది. చీకటి. ఊపిరి తనదే తనకు వినిపిస్తోంది.

రానీ. రానీ వాణ్ని...

చాలాసేపటికి అడుగులు. ఒక ఆకారం గుమ్మం దాటింది.

ధడేల్!

తలుపు తోసి గొళ్లెం పెట్టేసింది.

లోపల నుంచి బాదుడు. "అక్కా! నేనే! యోసేపును! వెనక కిటికీ ఊచలు పీకి వచ్చిన!"

మార్తమ్మ తలుపుకు నోరు ఆనించింది. "నీ జాబ్ నడవలే గదరా... నువ్వు సీట్ల లేవనుకున్న."

"నడిచింది. నీ మాట కుంటుకుంట వచ్చింది గదా. నీకు జల్ది అందాలని నేనే ఆపేసిన అక్కా."

అవును. మొదటి ముక్క కుంటింది! భయంలో మరిచేపోయింది.

గొళ్లెం మీద చేయి వేసింది.

వీపు మీద టార్చి వెలుగు పడింది.

"నేను గూడ చదివిన," అన్నాడు కిషన్ రావు. "తమ్ముడు గూడ రానీ అని ఆగిన. తియ్యి తలుపు."

గొళ్లేనికి తాళం వేలాడుతోంది. దాని చెవి ఆమె కొంగు ముడిలో ఉంది.

కూలబడినట్టు మోకాళ్ల మీద పడింది. తాళం నొక్కింది. చెవిని తలుపు కింది సందులోంచి లోపలికి తోసేసింది.

"నువ్వు లోపట్నె ఉండు బిడ్డా," అంది తమ్ముడితో.

ఠాయ్!