రయీస్ తీసుకోని కార్డు

గురువారం ఉదయం 10.40. దోహాలో కార్మికుల ఫండ్ ఆఫీసు. కౌంటర్ వెనక ఆఫీసర్ స్క్రీన్ ఇటు తిప్పి చూపించాడు.

"డబ్బు చెల్లించాం. ఏటీఎం కార్డు నీకే పంపాం. మొత్తం డ్రా అయిపోయింది," అన్నాడు హిందీలో.

రయీస్ చేతికి ఏ కార్డూ రాలేదు. ఆరేళ్లు అతనిచేత టైల్స్ పని చేయించుకున్న కంపెనీ మూతపడి ఐదు నెలలైంది. అలాంటి కార్మికులకి బకాయి జీతం ఇచ్చే ఫండ్‌లో క్లెయిమ్ వేశాడు. రావలసింది తొమ్మిది వేల రియాళ్లు. అప్పీల్ గడువు ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంట వరకే. ఆ తర్వాత ఫైలు మూసేస్తారు.

పక్కన నిలబడ్డ సుకుమారి ఆ ఫైలు చూపించమంది. ఆమె కాకినాడలో పదిహేనేళ్లు ఫింగర్‌ప్రింట్ విభాగంలో పనిచేసిన ఎస్సై. భర్త ఉద్యోగం వల్ల దోహా వచ్చింది. ఇక్కడి తెలుగువాళ్ల పేపర్ల చిక్కులు చూసిపెడుతుంది.

ఫైల్లో ఒక లెటర్. పాత జీతం కార్డు పోయింది, కొత్తది ఈ ఫోన్ నంబర్ మీద కొరియర్ చేయండి అని ఉంది. కింద రయీస్ సంతకం. పక్కన కుడి బొటనవేలి ముద్ర.

"సంతకం సరిపోయింది," అన్నాడు ఆఫీసర్.

"మరి ముద్ర?"

"ముద్ర ఉంది కదా."

ఉందా లేదా అని చూశారు. ఎవరిదని చూడలేదు. సుకుమారి ఫోన్లో ఫోటో తీసుకుంది.

రయీస్ ఆ నంబర్‌కి చేశాడు. స్విచ్ఛాఫ్.

"డ్రా చేసింది ఎక్కడ?" అని సుకుమారి ఆఫీసర్‌ని అడిగింది.

"అబూ హమూర్ ఏటీఎంలో. కెమెరాలో టోపీ, మాస్క్. మొహం తెలియదు."

సుకుమారి రయీస్ వైపు తిరిగింది. "మీ ఐడీ కాపీ, సంతకం ఎవరెవరి దగ్గరున్నాయి?"

"ముగ్గురి దగ్గర మేడం. రూమ్మేట్ షాదాబ్. కంపెనీ టైమ్‌కీపర్ విన్సెంట్. క్లెయిమ్ టైప్ చేసిన కామ్రాన్ భాయ్. ఆయన మా జగిత్యాలోడే. తెలుగు మాట్లాడుతడని ఆయన దగ్గరికే పోయిన."

"టైప్ చేసింది ఇంకెవరిచేతైనా చదివించుకున్నారా?"

"మనోడేనాయె. ఎందుకు చదివిస్త?"

సుకుమారి పెదవి విరిచింది. ఈ మాట ఆమె నెలకి పదిసార్లు వింటోంది. మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి, కామ్రాన్ షాపుకి రమ్మంది.

11.35. ఫరీజ్ బిన్ మహమూద్ పేట. కామ్రాన్ టైపింగ్ సెంటర్.

కామ్రాన్ ప్రింటర్‌లో టోనర్ మారుస్తున్నాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"ఎంత అన్యాలం మేడం. పని లేనోని పైసలు, ఫులూస్ తిన్నోడు బాగుపడతడా?"

అప్పీల్ తనే టైప్ చేశాడు. ప్రింట్ తీసి చేతికిచ్చాడు. ఇరవై రియాళ్లు తీసుకుని గల్లాలో వేసుకున్నాడు.

ఈలోగా విన్సెంట్, షాదాబ్ వచ్చారు.

"విన్సెంట్ గారూ, మీ సైట్‌లో హాజరు ఎలా వేసేవారు?"

"మెషిన్ మీద వేలు పెట్టాలండి. ఇతని వేలు మాత్రం ఎప్పుడూ తీసుకునేది కాదండి. విసుగొచ్చి స్వైప్ కార్డు ఇచ్చేశాను."

"షాదాబ్, మీకు ఈ సంగతి తెలుసా?"

"తెల్వకేం మేడం. ఈయన ఫోన్ సుత వేలుతోని తెరుచుకోదు. రూంల అందరం నవ్వుతుంటిమి."

సుకుమారి స్టాంప్ ప్యాడ్ ముందుకు జరిపింది. రయీస్ వేలు అద్ది తెల్ల కాగితం మీద నొక్కాడు. ఒక్క గీత పడలేదు. నీలం మచ్చ మాత్రం పడింది. ఆరేళ్ల సిమెంట్ పని వేలి గీతలన్నీ తినేసింది.

ఆమె ఫోన్లో ఫోటో తెరిచింది. లెటర్ మీది ముద్రలో ప్రతి గీతా స్పష్టంగా ఉంది. మధ్యలో అడ్డంగా ఒక గాటు.

"ఇది వేసినవాడికి రయీస్ వేళ్ల సంగతి తెలియదు. విన్సెంట్‌కి తెలుసు, షాదాబ్‌కి తెలుసు. వాళ్లయితే మచ్చ వేసి పంపేవారు."

"అంటే నేనా? సబూత్ ఏది?" అన్నాడు కామ్రాన్.

"రుజువు మీరే ఇచ్చారు."

ఆమె అప్పీల్ కాగితం పైకెత్తింది. అంచు మీద టోనర్ అంటిన బొటనవేలి ముద్ర, నల్లగా. మధ్యలో అదే గాటు.

కామ్రాన్ కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"దొంగల్ని చాలామందిని చూశాను," అంది సుకుమారి. "తను తిన్న డబ్బు కోసం తనే అప్పీల్ టైప్ చేసి, దానికీ ఇరవై పుచ్చుకున్నవాణ్ణి ఇవాళే చూశాను."

కామ్రాన్ గల్లా లాగాడు. "రయీస్ భాయ్, ఇజ్జత్ తియ్యకు. ఫులూస్ ఇచ్చేస్త. మనం మనం ఒక్కటి."

రయీస్ గల్లాలోంచి తన ఇరవై మాత్రం తీసుకున్నాడు.

"నా వేళ్లు పని చేసి అరిగినయి. నీ వేళ్లు మంచిగనే ఉన్నయి గద భాయ్. ఇంత గలీజ్ పని ఎందుకు చేసినవ్?"

సుకుమారి పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్లు వచ్చేదాకా విన్సెంట్, షాదాబ్ తలుపు దగ్గర నిలబడ్డారు.

12.48. మళ్లీ అదే కౌంటర్. అప్పీల్ మీద వేలిముద్ర వేయమన్నాడు ఆఫీసర్. రయీస్ వేశాడు. మచ్చ.

"సరిగ్గా నొక్కు."

మళ్లీ మచ్చ. మూడోసారీ అంతే.

ఆఫీసర్ పాత లెటర్ తీసి పక్కన పెట్టుకున్నాడు. ఆ ముద్రనీ ఈ మచ్చల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత అప్పీల్ కాగితం అంచు మీది నల్లటి ముద్ర చూశాడు. అప్పీల్ తీసుకున్నట్టు స్టాంప్ గుద్దాడు. 12.56.

"ఈసారి కార్డు ఏ ఫోన్ నంబర్ మీద పంపాలి?"

రయీస్ రెండు అరచేతులూ కౌంటర్ మీద పెట్టాడు.

"పంపొద్దు సార్. నేనే వస్త. నా చేతికే ఇయ్యుండ్రి."