తోడల్లుడి ఫోను

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి బ్యూరో కొరియర్ నేలమీద చచ్చిపడి ఉన్నాడు. చేతిలోని కొత్త ఫోను మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. అతను ఏ లిఫ్టు ఎక్కుతాడో, ఏ అంతస్తులో దిగుతాడో బ్యూరోలో ఇద్దరికే తెలుసు. తెలిసిన మూడోది ఆ ఫోనే.

"సీలు తీసి వారం కూడా కాలేదు," అన్నాడు చీఫ్, ఫోటోను బల్లమీద ముందుకు తోస్తూ. "ఏ యాప్ వేసుకోలేదు, ఏ లింకూ నొక్కలేదు. అయినా వాడి మాటలన్నీ బయటికి పోయాయి."

ఏజెంట్ డేగ ఫోటో చూసి వెనక్కి ఇచ్చేశాడు. డేగ అన్నది కోడ్‌నేమ్. ఇంట్లో ఆయన్ను పెద్దల్లుడు అంటారు.

బ్యూరో ఉన్నది రద్దీ వీధిలో ఒక ఫోన్ రిపేర్ షాపు వెనక గదిలో. ముందు గదిలో నిజంగానే పగిలిన స్క్రీన్లు మారుస్తారు. ఎవరైనా వచ్చి "స్పీకర్లో నా గొంతే నాకు వినబడుతోంది" అంటే "వాన్లో తడిసిందా?" అని అడగాలి. "తడవలేదు, మునిగింది" అన్నవాడికే వెనక తలుపు తెరుచుకుంటుంది.

"తేనెపట్టు ముఠా పని," చీఫ్ చెప్పుకుపోయాడు. "విదేశీ గ్యాంగ్. ఫ్యాక్టరీలో ఫోనుకి సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడే లోపల ఒక చెవి పెట్టేస్తున్నారు. అది ఫోనుతోపాటే పుడుతుంది. తీసేద్దామన్నా తీసే బటనే ఉండదు. ఆ ఫ్యాక్టరీ ఇంజనీరమ్మ దాన్ని కనిపెట్టి పారిపోయి మన దగ్గరికొచ్చింది. రేపు పొద్దున విచారణ సంఘం ముందు చెప్తుంది. తలుపులు మూసేలోగా ఆవిడ లోపల ఉండాలి. లేదంటే అవే ఫోన్లు ప్రభుత్వాఫీసులన్నిటికీ వెళ్తాయి. ఆవిణ్ణి తెచ్చే బాధ్యత నీది."

"తెస్తాను."

"ఇదుగో, వేరే ఫోను. ఇదే వాడుకో. కంపెనీ సాఫ్ట్‌వేర్ మొత్తం పీకేసి మనవాడు సొంతంగా రాసిన ఫర్మ్‌వేర్, అంటే ఫోను మూల సాఫ్ట్‌వేర్, ఎక్కించాడు. వాడిది బంగారంలాంటి చెయ్యి."

మనవాడు అన్న మాట వినగానే డేగ పళ్ళు నూరాడు.

ఆ మనవాడు ముందు గదిలో మైక్రోస్కోప్ కింద తల దూర్చి కూర్చున్న సన్నటి మనిషి. బ్యూరో పెట్టిన పేరు స్క్రూ. డేగ భార్య చెల్లెల్ని కట్టుకున్న తోడల్లుడు. ఉద్యోగం వేయించింది కూడా డేగే! ఇద్దరూ కలిసి ఫోన్ల షాపు నడుపుతున్నారని అత్తవారింట్లో నమ్మకం. డేగ గోడలు దూకాడు, నదులు ఈదాడు, భుజంలో తూటా దించుకున్నాడు. అవేవీ ఇంట్లో చెప్పుకోవడానికి లేదు. స్క్రూ చేసేది మాత్రం అందరికీ కనిపిస్తుంది.

అత్తయ్య ఫోను సంగతే చూడండి. ఆవిడ పాత ఫోను నత్తలా నడుస్తోందని డేగ ఖరీదైన కొత్త ఫోను కొని చేతిలో పెట్టాడు. స్క్రూ ఆ పాతదాన్నే తీసుకెళ్ళి, కంపెనీవాడు కుక్కిన చెత్తంతా ఊడ్చేసి, తన ఫర్మ్‌వేర్ వేసి తెచ్చాడు. అది గుర్రంలా పరిగెత్తింది. కొత్త ఫోను పెట్టెలోనే బీరువా ఎక్కింది. "చిన్నబాబు చేసిచ్చిన ఫోనండీ, బ్యాటరీ రెండ్రోజులొస్తుంది," అని అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తుంది. పక్కనే కూర్చుని నవ్వలేక నవ్వడం డేగ వంతు.

ఇప్పుడు బ్యూరో ఫోను కూడా వాడిదే. పైగా ఆన్ చేసినప్పుడల్లా నల్లటి తెరమీద ఒక హెచ్చరిక: "ఈ ఫోనులోని సాఫ్ట్‌వేర్ తయారీదారుది కాదు. నమ్మదగినది కాకపోవచ్చు." దాన్ని చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. నమ్మవద్దని ఫోనే మొత్తుకుంటోంది, చీఫ్‌కి వినబడదా?

ఆ మధ్యాహ్నం కాఫీ షాపులో నెమలి కలిసింది. తేనెపట్టులో ఉంటూ బ్యూరోకి కబుర్లు మోసే మనిషి. ఆకుపచ్చ పట్టుబట్టలు, నల్లకళ్ళద్దాలు, మత్తెక్కించే సెంటు. ఆవిడ లోపలికొస్తే మిగతా బల్లల దగ్గర మాటలు ఆగిపోతాయి.

"మావాళ్ళు హడలిపోతున్నారు," అంది నెమ్మదిగా.

డేగ కాలరు సర్దుకున్నాడు. "నేను రంగంలోకి దిగానని తెలిసిందా?"

"నీ గురించి కాదు. స్క్రూ అట, అతని గురించి. అతని సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోన్లో ఒక్క మాటా వినబడటం లేదట. ఎవరతను? అందంగా ఉంటాడా?"

"అద్దాలు తీస్తే గోడకు గుద్దుకుంటాడు," అన్నాడు డేగ.

ఆవిడ నవ్వింది. "నీలాంటివాడికి ఇంకొకడి ఫోను ఏంటి? తేనెపట్టు చేతులు ఆ ఒక్క కంపెనీ వరకే. నీ ఫోను కంపెనీ వేరు. అది కడిగిన ముత్యం, నేను కళ్ళారా చూశాను."

పుండు మీద కారం పడింది. షాపుకి తిరిగొచ్చేసరికి స్క్రూ భోజనానికి వెళ్ళాడు. డేగ అతని కంప్యూటర్ ముందే కూర్చుని, ఫోనుకి కేబుల్ పెట్టి, కంపెనీ సాఫ్ట్‌వేర్ దించి మళ్ళీ ఎక్కించేశాడు. తోడల్లుడు రాసిందంతా క్షణాల్లో తుడిచిపెట్టుకుపోయింది. ఆన్ చేశాడు. హెచ్చరిక లేదు. కంపెనీ బొమ్మ తళతళలాడుతూ పలకరించింది. డేగకు చాలాకాలం తర్వాత కడుపు చల్లబడింది.

మర్నాడు పొద్దున వాన. డేగ డ్రైవర్ టోపీ పెట్టుకుని కారు నడుపుతున్నాడు. వెనక సీట్లో ఇంజనీరమ్మ తెల్లవిగ్గుతో, చేతికర్రతో ముసలమ్మ వేషంలో ఉంది.

"గడియారం స్తంభం మీదుగా పోదామండీ," అన్నాడు డేగ.

స్తంభం దగ్గర నీళ్ళ ట్యాంకర్ రోడ్డుకి అడ్డంగా నిలబడింది. పక్కన అంబులెన్సు. డేగ వాళ్ళ కంట పడకముందే సందులోకి తిప్పేశాడు. "బట్టల మార్కెట్ దారి పడదాం."

మార్కెట్ మలుపులో అదే అంబులెన్సు. ఈసారి తలుపు తెరిచి ఒక నర్సు వచ్చే పోయే కార్లను పరీక్షగా చూస్తోంది. వాన్లో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న నర్సు! డేగ మళ్ళీ కారు వెనక్కి తిప్పాడు.

"మీ ఫోను ఒకసారి ఇస్తారా?" అంది ఇంజనీరమ్మ.

తీసుకుని ఆపి, మళ్ళీ ఆన్ చేసింది. కంపెనీ బొమ్మ తళతళలాడింది. ఆవిడ ఎదురుచూసిన హెచ్చరిక రాలేదు. మాట్లాడకుండా, ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో రాసింది: "వింటోంది. ఈ కంపెనీ కూడా."

నెమలి తన చెవిలో ఎంత పెద్ద పువ్వు పెట్టిందో డేగకు అప్పుడర్థమైంది. కారు ఇంకా వాళ్ళ కళ్ళబడలేదు. వాళ్ళు వెంటాడుతున్నది ఫోనుని. విసిరేస్తే గుట్టు తెలిసిపోయిందని గ్రహించి విచారణ భవనం రెండు గేట్లూ కాపు కాస్తారు. ఫోను ఒక గేటుకి పోవాలి, ఆవిడ ఇంకో గేటుకి పోవాలి. అందుకు ఇంకో మనిషి కావాలి. ఆ మనిషికి ఈ ఫోనులోంచే, శత్రువు వింటుండగానే, సంగతి చెప్పాలి.

ఎలా చెప్పాలో తెలుసు. అదే బాధ. దానికంటే భుజంలో తూటానే నయమనిపించింది. వెనక ఆవిడ చేతికర్రను రెండు చేతులా పట్టుకుని ఎదురుచూస్తోంది. డేగ నంబరు నొక్కాడు.

"చెప్పండి అన్నయ్యా," అన్నాడు స్క్రూ.

"ఏం లేదు తమ్ముడూ. ఒక మాట చెబుదామని. అత్తయ్యకి నేను కొన్న ఫోను ఉత్త దండగ. నువ్వు చేసిన ఫోనే గొప్పది. నీ పనితనం ముందు నేనెంత?"

పెళ్ళయిన నాటినుంచీ తోడల్లుడి నోట ఒక్క మెచ్చుకోలు విని ఎరగడు స్క్రూ. కూతురు పుట్టిందని చెప్పినప్పుడు కూడా "బరువు తక్కువుందే" అన్న మనిషి! ఈయన ఇలా మాట్లాడుతున్నాడంటే తలకు తుపాకీ అయినా ఉండాలి, ఫోనులో చెవి అయినా ఉండాలి.

"ఎక్కడున్నారన్నయ్యా?" అన్నాడు మామూలుగా.

"పాత సినిమాహాలు సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. వెనక గేటుకే వస్తాం. చీఫ్‌కి చెప్పు."

"వెనక గేటుకే. అలాగే."

సిగ్నల్ దగ్గర పసుపు రెయిన్‌కోటు వేసుకున్న డెలివరీ బాయ్ ఒకడు బైకు పక్కకు తెచ్చి ఆపాడు. తడిసిన కళ్ళద్దాలు. కిటికీలోంచి చెయ్యి చాపాడు. డేగ ఫోను ఇచ్చి, ఆ చెయ్యి వదల్లేదు. ఆ ఫోను ఎవరి దగ్గరుంటే తూటా వాళ్ళకే. వద్దన్నట్టు తల ఊపాడు. స్క్రూ నవ్వి, చెయ్యి విడిపించుకుని, ఫోను వీపుమీది సంచీలో పడేసుకుని వానలో కలిసిపోయాడు.

వీడికేమైనా అయితే మరదలి ముఖం ఎలా చూడాలన్నది మొదటి ఆలోచన. రెండోది చెప్పుకోవడానికే సిగ్గుచేటు. ఆఖరికి ఈ సాహసం కూడా వీడి ఖాతాలోకే పోయిందే అని డేగకు కడుపు మండింది.

ముందు గేటు దగ్గర ముఠావాళ్ళెవరూ కాపు లేరు. హాలు తలుపులు మూసుకుంటున్నాయి. డేగ పరుగెత్తి బూటుకాలు మధ్యలో పెట్టాడు. కాలు నలిగింది, తలుపు ఆగింది. విగ్గు తీసేసి ఇంజనీరమ్మ లోపలికి నడిచింది.

అదే క్షణంలో భవనం వెనక తుపాకీ పేలింది.

కుంటుకుంటూ పరుగెత్తిన డేగకు వెనక గేటు దగ్గర కనిపించినవి తలకిందులైన బైకు, చుట్టూ చీఫ్ మనుషులు, బేడీలతో నర్సు. స్క్రూ నీళ్ళలో కూర్చుని సంచీ తడుముకుంటున్నాడు. తూటా సంచీలో దూరి ఫోనులో ఇరుక్కుంది.

"మీ ఫోను పోయిందన్నయ్యా," అన్నాడు.

డేగ అతన్ని గట్టిగా కావలించుకున్నాడు.

నర్సు వేషంలో ఉన్న నెమలి బేడీల చేతులతోనే కళ్ళద్దాలు సర్దుకుంది. "ఫోను మార్చమని నేను అడగనైనా అడగలేదు," అంది చీఫ్‌తో. "స్క్రూని పొగిడానంతే. మిగతాది ఆయనే చేసుకున్నాడు."

కారెక్కేటప్పుడు స్క్రూ గొంతు తగ్గించి అడిగాడు. "అన్నయ్యా, పొద్దున ఫోన్లో అన్న మాట..."

"కోడ్," అన్నాడు డేగ చటుక్కున. "ఉత్త కోడ్."

"అవునవును. నేనూ అలాగే అనుకున్నాను."

ఆదివారం అత్తవారింట భోజనాలు. అత్తయ్య ఫోను మోగింది. పాట రాలేదు. డేగ గొంతు ఇల్లంతా మారుమోగింది: "నువ్వు చేసిన ఫోనే గొప్పది. నీ పనితనం ముందు నేనెంత?"

"చిన్నబాబు పెట్టాడు," అంది అత్తయ్య మురిసిపోతూ. "ముచ్చటగా లేదూ?"

డేగ చేతులు కడుక్కుని ఫోను తీసుకున్నాడు. సెట్టింగులు వెతికాడు, రింగ్‌టోన్లు వెతికాడు, మూలమూలలా వెతికాడు. ఎదురుగా స్క్రూ తలెత్తకుండా అన్నం కలుపుకుంటున్నాడు. ఆ గొంతును వాడు ఫర్మ్‌వేర్‌లోనే పెట్టేశాడు. తీసే బటనే లేదు.