తరుగు తీసే కాంటా

కొత్తకోట దాటి వనపర్తి తొవ్వ పట్టినంక ఎడమ చేతి దిక్కు మూతబడ్డ పల్లీల మిల్లు ఒకటున్నది. దాని ముందర రేకులు. రేకుల కింద బస్తాలు తూచే పాత కాంటా. పొద్దు మునిగిందంటె గా దిక్కు ఎవడూ మొఖం తిప్పడు. పంచరైన లారీని కూడ ఈడ్చుకుంట ముందుకు పోయి ఆపుకుంటరు గని గాడ ఆపరు.

నాగప్ప దెయ్యమై తిరుగుతుండని చెప్పుకుంటరు. బతికున్నన్ని దినాలు గా కాంటా కాడ తూకమేసింది ఆయననే. తరుగు తీసుట్ల ఆయన తర్వాతనే ఎవరైన. తేమ ఉన్నదని ఇంత, మట్టి ఉన్నదని ఇంత, గోనెసంచి బరువని ఇంత... రైతు తెచ్చిన పల్లికాయ తూకంల కెల్లి కోసుకుంట పోయేదే తరుగు. మా అక్క మొగడు, మా బావ, ఎండల బండి కట్టుకొని పోయి, తరుగు పోంగ మిగిలింది చూసుకొని, ఇంటికొచ్చి ఎవరితోని మాట్లాడకుంట పండుకుంటుండె. గిప్పుడు చెప్తుంటె కూడ నా కడుపు మండుతది.

నాగప్ప సచ్చినంక గూడ ఆయన చెయ్యి ఊకుంటలేదట. పల్లికాయ లేదు గద... మనిషిని తూస్తడట. మనిషి కెల్లి తరుగు తీస్తడట. గా పలక మీద నిలబడ్డోడు తెల్లారి నుంచి సన్నగైతడట. సన్నగై... సన్నగై... ఆఖరుకు పోతడట.

మాసయ్య గట్లనే పోయిండంటరు. కూలీ చేసుకొని బతికేటోడు. ఒక రాత్రి కల్లు తాగొచ్చి, తమాషకు కాంటా ఎక్కి తూచుకున్నడు. తను అనుకున్నదానికంటె మస్తు తక్కువ వచ్చింది. ఇంక గంతే. నాగప్ప నా పెయ్యిల మాంసం కోసుకపోయిండని మంచం పట్టిండు. భయానికి బుక్కెడు బువ్వ లోపలికి పోకపాయె. దవాఖానకు తీస్కపోండ్రిరా అని నేను మొత్తుకుంటె విన్నోడు లేడు. భూతవైద్యుణ్ని పిలిచి కోడిని కోసిండ్రు. కోడీ పోయింది, మాసయ్యా పోయిండు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ముందే చెప్తున్న. గిది మా వనజ ముచ్చట. మా అక్క బిడ్డ. తను నాకు చెప్పింది, కొంత నేను కండ్లార చూసింది. నడుమ నాకు కోపమొస్తది, జర ఓర్సుకోండ్రి.

వనజ, దాని మొగడు కురుమూర్తి హైవే మీద టిఫిన్ల హోటలు నడుపుతరు. వనజ దొడ్డు మనిషి. దొడ్డు మనిషంటె ఊరందరికీ హక్కున్నట్టే. వచ్చినోడు, పోయినోడు ఒక మాట అనకుంట పోడు. "ఏం తింటున్నవమ్మా, మాక్కూడ జర చెప్పరాదు?" అంటడు, ఆమె చేసిన పూరీలు తినుకుంటనే!

మా ఆడబిడ్డ కొడుకు పెండ్లిల వనజ కూసున్న ప్లాస్టిక్ కుర్సీ విరిగింది. కింద పడ్డది. వీడియో తీసేటోడు గది తీసిండు. గా ముక్క తీసెయ్యి నాయనా అంటె తీయలే. ఇంటింటికీ సీడీ తిరిగింది. పెండ్లిపిల్లను చూసినోళ్లు లేరు, వనజ పడ్డకాడ ఆపి, ఎనుకకు తిప్పి, మల్ల చూసి నవ్విండ్రు. వాళ్ల నవ్వుల మన్ను పడ!

అయినా గా నవ్వులకు కాదు ఆమె ఆపరేషన్ చేయించుకుంటనన్నది. పండుకుంటె ఊపిరి ఆగుతుండె. గోడకు ఒరిగి కూసునే తెల్లారగడుపుతుండె. షుగరు తోడైంది. ఒక రాత్రి కురుమూర్తి ఎంత లేపినా లేవలే... శానా సేపటికి ఒక్కసారి గుంజుకొని ఊపిరి తీసిందట. పొద్దుగాల నా తానకొచ్చి నిలబడ్డది.

"చిన్నమ్మా, నేను నిద్రల పోతె పొద్దుగాల లేచి చూసేది నా బిడ్డలే గద," అన్నది.

హైదరాబాద్ల ఒక దవాఖానల కడుపు సంచిని చిన్నగ చేసే ఆపరేషన్ ఉందని తెలిసింది. తెలిసిందే ఆలస్యం, అందరూ డాక్టర్లయిండ్రు. "నోరు కట్టుకుంటె సాలదా?" ఒకరు. "దేవుడిచ్చిన కడుపు కోయించుకుంటరా?" ఇంకొకరు. కురుమూర్తి మంచోడే, గని భయం. "ఏమన్న అయితెనో?" అన్నడు.

"ఏం చేయించుకోకున్నా అయితది," అన్నది వనజ. తనే ఎంచుకున్నది. ఎవరూ తోలలే.

డాక్టరు చూసిండు. చేస్తనన్నడు. గని ఒక మెలిక పెట్టిండు. "కార్జానికి కొవ్వు పట్టి ఉబ్బి ఉందమ్మా. ముందు నువ్వు జర తగ్గాలె," అని ఒక అంకె చెప్పిండు. "గీ అంకె లోపలికొస్తెనే కత్తి పడత. లేకుంటె బల్ల మీదనే పానం మీదికొస్తది. వారం వారం తూచుకో. అంకె లోపలికి రాంగనే ఫోన్ చెయ్యి."

ఇంక చూడుండ్రి దాని తిప్పలు! పొద్దంతా పొయ్యి ముందర మిరపకాయ బజ్జీలు ఏసుడు, తను మాత్రం పలుచటి సల్ల తాగుడు. పూరీల వాసన ముక్కుల పోతుంటె నీళ్లు మింగుడు. ఎన్నడూ ఒక్క ముక్క నోట్లేసుకోలే. నేను ప్రమాణం చేసి చెప్త.

గని తూచుకునేది ఏడ? ఆర్‌ఎంపీ డాక్టరు మిషను ఎక్కితె ముల్లు చివరిదాంక పోయి కొట్టుకొని ఆగింది. ఆయన నవ్వాపుకోనీకి కిటికీ దిక్కు తిరిగిండు. సరేనని ఒకనాడు మార్కెట్‌ యార్డుకు పోయింది. గాడ రైతుల పంట కొనే అడ్తి వ్యాపారి రాఘవేందర్ ఉన్నడు. గా మూతబడ్డ మిల్లు ఒకప్పుడు ఈయనదే. రోజూ పొద్దుగాల వనజ హోటల్లనే పూరీలు తినేటోడు. ఇట్ల కాంటా ఎక్కిందో లేదో—

"పట్టుండ్రిరా, సరుకొచ్చింది!" అని ఒర్లిండు. "గోనెసంచికి తరుగెంత తీద్దాం?"

హమాలీలు నవ్విండ్రు. రైతులు నవ్విండ్రు. వనజ ముల్లు చూసుకోకుంటనే దిగొచ్చింది. నేనుంటె గా రాఘవేందర్ చెంపలు పగులుతుండె.

ఇంటికొచ్చినంక ఏడ్వలే. గరిటె తీసి గోడకు కొట్టింది. మల్ల నా దిక్కు తిరిగి అన్నది...

"చిన్నమ్మా. నా పెయ్యిల కెల్లి తరుగు తీసేటోడు ఒక్కడే ఉన్నడు."

"ఎవడే?"

"నాగప్ప."

"పిచ్చి లేసిందా? మాసయ్య ఏమైండో యాదికి లేదా?"

"మాసయ్యకు ఎక్కడ ఆపాల్నో తెల్వదు. నేను డాక్టరు చెప్పిన అంకె కాడ ఆపమంట."

తిట్టిన. ఒట్టు పెట్టిచ్చుకున్న. అయినా పోయింది. కురుమూర్తి నిద్రపోయినంక, ఆయన టార్చి ఫోను చేతుల పట్టుకొని, ఒక్కతె...

గా రాత్రి ఏం జరిగిందో ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్త.

హైవే మీద లారీల చప్పుడు... మిల్లు దిక్కు తిరిగినంక గదీ లేదు. రేకులు గాలికి టపటప కొట్టుకుంటున్నయి. గడ్డి మోకాళ్లదాంక పెరిగింది. కాళ్ల కింద ఏదో సర్రుమని పోయింది. ఆగింది... మల్ల నడిచింది.

కాంటా కాడికొచ్చింది. కింద ఇనుప పలక. పక్కన కంబం. కంబం మీద అడ్డం దండె. దండె మీద అటూ ఇటూ జరిపే ఇనుప గుండు. దండె ఏ గీత కాడ సమంగ నిలిస్తె గదే తూకం.

పలక మీద కాలు పెట్టింది. పలక కిర్రుమన్నది.

ఇంకో కాలు...

గప్పుడు భయం కాలేదట, కోపమొచ్చిందట. చీకట్ల నిలబడి మొదలుపెట్టింది—

"నాగప్పా! మా నాయిన పల్లికాయ తెచ్చినప్పుడల్ల తరుగు తీస్తివి. దండం పెట్టినా తీస్తివి, కాళ్లు పట్టుకున్నా తీస్తివి. గిప్పుడు నేనే అడుగుతున్న. తియ్! గీ పెయ్యి నాకు మోయనీకి అయితలేదు. నా పిల్లలు చిన్నగున్నరు. తియ్యరాదు? బతికున్ననాడు లేని సిగ్గు గిప్పుడొచ్చిందా నీకు?"

ఏం లేదు. రేకులు కూడ ఆగినయి.

వనజ చెయ్యి చాపి గుండును ఎనుకకు జరిపింది. దండె లేవలే. ఇంకా జరిపింది... ఇంకా...

టంగ్!

దండె లేచి గాల్ల ఊగింది.

కంబం ఎనుక కెల్లి... శానా మెల్లగ... గొంతు ఎండిపోయినోడు మాట్లాడినట్టు—

"తూకం... తక్కువ..."

వనజ టార్చి ఏసింది. కంబం ఎనుక ఎవ్వరూ లేరు. ఎలుగు దండె మీద పడ్డది. గుండు ఆగిన గీత చూసింది... డాక్టరు చెప్పిన అంకె లోపల!

"తూకం తక్కువ..." మల్లోపారి.

దేవుని పేర్లు చదువుకుంట, ఎనుకకు చూడకుంట ఇల్లు చేరింది. తెల్లారంగనే నా చేతులు పట్టుకొని, "చిన్నమ్మా, నా తూకం తక్కువైంది, నాగప్ప నోటితోనే చెప్పిండు," అని నవ్వింది, ఏడ్చింది. దానికి దెయ్యం భయం ఒకదిక్కు, సంబురం ఒకదిక్కు. దవాఖానకు ఫోన్ చేసింది. రమ్మన్నరు. మంచం పెట్టినమన్నరు.

నేనూ వెంట పోయిన. దవాఖాన మిషను ఎక్కింది. నర్సు చూసింది... మల్ల ఎక్కమన్నది. మల్ల చూసింది. డాక్టర్ను పిలిచింది.

"కొంచెమే తగ్గినవమ్మా," అన్నడు డాక్టరు. "అంకె ఇంకా దూరముంది. ఏడ తూచుకున్నవ్?"

వనజ ఏం చెప్తది? దెయ్యం కాడ తూచుకున్నననా? మంచం ఇంకొకరికి ఇచ్చిండ్రు. నేను డాక్టర్ను తిట్టిన, మిషను ఖరాబున్నదన్న, వాచ్‌మన్‌తోని కూడ కొట్లాట పెట్టుకున్న. ఆయన పాపం ఏం చేసిండు! గని నా వనజ దవాఖాన మెట్ల మీద కూసుండి చేతులు చూసుకుంటుంటె నాకు ఎవర్నన్న తిట్టకుంట ఉండబుద్ది కాలె.

వనపర్తి బస్సెక్కినం. తొవ్వంతా వనజ రెండు కాంటాల అంకెలు లెక్కేసుకుంట కూసున్నది. కొత్తకోటల నేను లేవబోతె చెయ్యి పట్టి కూసోబెట్టింది.

"మిల్లు కాడ దిగుదాం చిన్నమ్మా."

"పొద్దు మునిగిందే!"

"మునగనీ."

దిగినం. గడ్డిల పడి సక్కగ కాంటా కాడికి పోయింది. దండె మీది గుండును చేతుల పట్టుకున్నది, తిప్పింది, అడుగున టార్చి ఏసింది. అంతా తుప్పు పట్టి ఎర్రగున్నది. అడుగున మాత్రం గుండ్రంగ... బూడిద రంగు.

"నీ అడకత్తెర ఇయ్యి."

నా బొడ్ల కెల్లి తీసిచ్చిన. దాని మొన పెట్టి, రాయితోని కొట్టి కొట్టి పెకిలించింది. నిమ్మకాయంత సీసం గడ్డ ఊడి చేతుల పడ్డది.

గుండు అడుగున ముందు నుంచే ఉన్న ఖాళీ గుంతల సీసం పోసిండ్రు! గుండు బరువెక్కువైతె దండె తక్కువ గీత కాడనే సమంగ నిలుస్తది, సరుకు తక్కువ తూగుతది. అంటె నాగప్ప తీసిన తరుగు పైకి కనిపించేది. కనిపించకుంట లోపల ఇంకోటి! మా బావ కష్టమంతా గీ గడ్డ తిన్నది. తమాషకు ఎక్కిన మాసయ్య తక్కువ తూగితె దెయ్యమని భయపడి సచ్చిండు గద... గీ గడ్డకే సచ్చిండు! ఇంకో ముచ్చట చెప్పనా? "రాత్రిపూట గా కాంటా దిక్కు పోకుండ్రి, నాగప్ప ఉన్నడు," అని అందరికంటె ఎక్కువ చెప్పింది ఎవరు? వనజ హోటల్ల కూసుండి, పూరీల కూర నంజుకుంట... గా రాఘవేందరే, గీ గడ్డ ఎవరి కంట పడొద్దని! వాని ఇల్లు కూల!

"రేపు పొద్దుగాల గీ గడ్డ వాని పళ్లెంల ఏస్త," అన్నది వనజ. అంతల గొంతు తగ్గించింది. "చిన్నమ్మా... 'తూకం తక్కువ' అన్నడు నాగప్ప. నేను నా బరువు తగ్గిందనుకున్న. గాయన చెప్పింది నా ముచ్చట కాదు. కాంటా ముచ్చట."

"ఎవ్వడూ ఏమనలే. నీ చెవులు గట్ల విన్నయి. నడువు ఇంటికి!" అన్న.

వినలే. పలక ఎక్కింది. గుండును దండె మీద మెల్లమెల్లగ ముందుకు జరిపింది. నేను టార్చి పట్టుకున్న.

టంగ్!

దండె సమంగ నిలిచింది. గీత చూసిన. పొద్దుగాల దవాఖాన మిషను చూపిన అంకె. అటు లేదు, ఇటు లేదు.

గప్పుడు... నా కుడి చెవు పక్కన... చల్లగ... ఊపిరి తగిలేంత దగ్గర్ల—

"సరిపోయింది..."

ఒట్టు. నేను విన్న. దెయ్యాలు లేవని ఇంతసేపు మీతోని చెప్పిన నేనే విన్న. నా పక్కన ఎవ్వరూ లేరు. టార్చి కింద పడ్డది. వనజ కొంగు పట్టుకొని గుంజిన.

అది కదలలే. పలక మీదనే నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకొని, చీకటి దిక్కు తిరిగింది.

"ఏం సరిపోయింది నాగప్పా? డాక్టరు చెప్పిన అంకెకు ఇంకా శానా దూరముంది," అన్నది. "వచ్చే ఐతారం మల్లొస్త. సరిగ తూచు."