పదకొండో ముద్ర

స్టేషను ముందు రాతి బల్ల అంచుకి ఇనుప బొడిపెలు బిగిస్తున్నారు, మేం దానిమీద స్కేట్‌బోర్డు జార్చకుండా. మావల్ల చప్పుడని ఫిర్యాదు. ఆ చప్పుడు ఆపడానికి వార్డు ఆఫీసువాళ్లు మూడురోజులుగా డ్రిల్లు కొడుతున్నారు!

పనివాళ్ల పక్కన హెల్మెట్ పెట్టుకుని ఒకమ్మాయి. సన్నగా వాన. ఆమె ముక్కు కొసన ఒక చుక్క పడనా వద్దా అని వేలాడుతోంది.

“ఈ మోతముందు మా చక్రాలెంతండీ?” అన్నాను.

“దీనికి అనుమతి ఉంది, ఒకుదా గారూ.”

“నా పేరెలా తెలుసు?”

“మీమీద ముప్పై ఏడు ఫిర్యాదులొచ్చాయి. మీ బూట్ల సైజు కూడా తెలుసు.”

ఆమె చినత్సు, ఫిర్యాదులు తీసుకునే ఉద్యోగి. ఎవరిచ్చారో మాత్రం చెప్పదట. రూలు.

మన జపాన్ పిల్లలు ఒలింపిక్స్‌లో ఇదే ఆటకి పతకాలు తెస్తే ఆఫీసు గోడకి ఇంత పొడుగు అభినందనల బ్యానరు కట్టారు. బ్యానరు కిందే “స్కేట్‌బోర్డు నిషేధం”. సిగ్గుండాలి!

వారానికి మూడుసార్లు ఆఫీసుకెళ్లి కొట్లాడాను. ఉద్యమం కోసమేనని మావాళ్లకి చెప్పాను. నమ్మలేదు వెధవలు.

చివరికి రైలు వంతెన కింద సిమెంటు నేల ఇస్తామన్నారు. చుట్టూ ఉన్న పదకొండు ఇళ్లవాళ్లూ ఒప్పుకుని కాగితం మీద సంతకానికి బదులు తమ పేరు ముద్రలు వేయాలి. శుక్రవారం లోపు. లేదంటే అక్కడా కంచె.

మిఠాయి పెట్టెలు పట్టుకుని ఇంటింటికీ బయల్దేరాను. ఎలా? బోర్డు మీద! “చప్పుడుకి క్షమాపణ చెప్పడానికి చప్పుడు చేసుకుంటూ వచ్చావా నాయనా!” అని మొదటింటి బామ్మ పగలబడి నవ్వి ముద్ర వేసింది. తర్వాత నడిచాను. పది ముద్రలు పడ్డాయి.

పదకొండో తలుపు మీద పేరు హోరికవా. చినత్సు వాళ్ల నాన్న, పేట సంఘం అధ్యక్షుడు. మిఠాయి తీసుకున్నాడు. తలుపేశాడు.

గురువారం మధ్యాహ్నం చినత్సు వంతెన కిందకి వచ్చింది.

“శబ్దం కొలిచాను. మీ చక్రాలు అరవై ఎనిమిది డెసిబెల్స్. పొద్దున్నే ఇక్కడ రేడియో పెట్టి నాన్నగారి ముసలి దండు చేసే వ్యాయామం ఎనభై ఒకటి.”

“ఓర్నాయనో!”

“ఇదిగో ఫారం. మీరు ఫిర్యాదు చేస్తే రూలు ప్రకారం వాళ్లనీ ఆపాలి. అప్పుడు నాన్న దిగొస్తారు.”

కలం తీశాను. చేతులు దురదపెట్టాయి. ఆ మిఠాయి పెట్టె గుర్తొచ్చి మరీ దురదపెట్టాయి.

కలం మూసేశాను.

“ఏం, భయమా?” అంది.

“నాకు చోటు కావాలి. మొదటింటి బామ్మ చోటు కాదు. ఆవిడ పొద్దున్నే వ్యాయామానికి చేతులూపుకునేది ఇక్కడే.”

“రేపే ఆఖరు. కంచె వేస్తారు.”

“వేయనివ్వండి. మళ్లీ కొట్లాడతాను.”

మొట్టమొదటిసారి ఆమె ఆఫీసు నవ్వు నవ్వలేదు. నావంక ఊరికే చూసింది. ఖాళీ ఫారం మడిచి ఇంటికి పట్టుకెళ్లింది.

శుక్రవారం పొద్దున పెద్దాయన వచ్చాడు, వ్యాయామం బట్టల్లోనే. వెనక చినత్సు.

“ఫిర్యాదు మీద సంతకం పెట్టలేదట?”

“లేదండి.”

“పెడితే మా నోరు మూతపడేది కదా!”

“బంతాట వద్దన్నారు. పిల్లల అరుపులు వద్దన్నారు. మమ్మల్నీ వద్దన్నారు. ఇక మిగిలింది మీరే. మీరూ పోతే ఇక్కడ నిషేధాలు చదవడానికైనా మనుషులుండరు.”

పెద్దాయన జేబులోంచి ముద్ర తీశాడు. సిరా అద్ది కాగితం మీద కొట్టి, ఆరేదాకా ఊదాడు.

“శని, ఆదివారాలే. పది నుంచి నాలుగు. మా అమ్మాయిని మాత్రం దానిమీద ఎక్కించకు. పడుతుంది.”

శనివారం పదికి ఆమె తనంతట తనే ఎక్కింది. రెండు చేతులూ నాకిచ్చింది. కాళ్లు వణుకుతున్నాయి. నావి కూడా, నేలమీదే ఉన్నా.

“ఆఫీసుకి అన్నిసార్లు ఉద్యమం కోసమే వచ్చారా?” అంది.

“సగం ఉద్యమం. సగం నువ్వు.”

“ఏ సగం పెద్దది?”

“ఇప్పుడా? నువ్వే.”

బోర్డు జారింది. నామీద పడింది. లేవడానికి తొందరేం పడలేదు. చుట్టూ కిటికీల్లో తెరలు ఒక్కొక్కటే కదిలాయి.

“చూస్తున్నారు,” అన్నాను.

“చూడనీ. ఫిర్యాదులు తీసుకునేది నేనేగా.”